లెక్కలో లేని వేడి

2025 అక్టోబరు 24, శుక్రవారం. తెల్లవారుజామున 2 గంటల 24 నిమిషాలు.

కర్నూలు శివార్లలో ఒక పెట్రోలు బంకు. బైకు వచ్చి ఆగింది. ఇద్దరు కుర్రాళ్లు. మూడు వందల రూపాయల పెట్రోలు కొట్టించుకున్నారు. బంకులో సీసీ కెమెరా తిరుగుతూనే ఉంది. ఇద్దరూ తాగి ఉన్నారని తర్వాత ఫోరెన్సిక్ పరీక్షలో తేలుతుంది. ఆ క్షణాన మాత్రం అది తెలిసింది ఆ ఇద్దరికే.

మూడు వందలకి వచ్చేది రెండున్నర లీటర్ల పైచిలుకు. లీటరు పెట్రోలు మండితే 33 మెగాజౌళ్ల వేడి. అంటే బైకు ట్యాంకులోకి అప్పుడే దిగినది దాదాపు 90 మెగాజౌళ్లు. ఇంజన్లో సిలిండర్ గోడల మధ్య చుక్క చుక్కగా మండితే ఊరు చేరుస్తుంది. బయట పడితే?

బైకు బంకు దాటింది. 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కింది. వాన తడి. చీకటి. కల్లూరు మండలం చిన్నటేకూరు దగ్గర చక్రం జారింది. బండి డివైడర్‌ని గుద్దుకుంది. నడుపుతున్న కుర్రాడు అక్కడికక్కడే ప్రాణం వదిలాడు. వెనక కూర్చున్నవాడు లేచాడు. స్నేహితుణ్ని రోడ్డు మధ్య నుంచి పక్కకి లాగాడు. ఇక బండిని తీయాలి. ఆ మాట అనుకునే లోపే వెనక నుంచి పెద్ద లైట్లు దూసుకొచ్చాయి.

* * *

హైదరాబాద్ నుంచి బెంగళూరు. ఏసీ స్లీపర్. నలభై మందికి పైనే జనం. అందరూ గాఢనిద్రలో ఉన్నారు.

దీపావళి సెలవులైపోయి ఉద్యోగాలకి తిరిగి వెళ్తున్నవాళ్లు, పిల్లల్ని పక్కలో పడుకోబెట్టుకున్న తల్లులు, పొద్దున్నే బెంగళూరులో దిగి నేరుగా ఆఫీసుకి పోదామనుకున్నవాళ్లు, కర్టెన్ లాక్కుని, దుప్పటి కప్పుకుని, ఏసీ చల్లదనానికి ముడుచుకుని, కిందా పైనా రెండంతస్తుల బెర్తుల్లో, ఫోం పరుపుల మీద, రెగ్జిన్ అంచుల మధ్య, బిగించిన అద్దాల వెనక నిద్రపోతున్నారు. కింద లగేజీలో 234 సెల్‌ఫోన్లున్న పార్సిల్ ఉంది. విలువ 46 లక్షల రూపాయలని తర్వాత లెక్క తేల్చారు.

విలువ లెక్క తేలింది. వేడి లెక్క ఎవరూ వేయలేదు.

బస్సు ఆ బైకుని గుద్దింది. బస్సుకి బైకు ఎంత! కానీ బైకు పక్కకి ఎగిరిపోలేదు. బస్సు కిందికి పోయి ఇరుక్కుంది. బస్సు ఆగలేదు. ఇనుము రోడ్డుని గీరుకుంటూ పోతోంది. ట్యాంకు మూత తెరుచుకుపోయిందని అధికారులు తర్వాత చెప్పారు. పెట్రోలు కారడం మొదలైంది.

పెట్రోలు ఆవిరి అంటుకోవడానికి పెద్ద మంట అక్కర్లేదు. సున్నాకి 40 డిగ్రీలు కింద ఉన్నా అది ఆవిరి వదులుతూనే ఉంటుంది. ఆ ఆవిరికి ఒక మిల్లీజౌలులో మూడో వంతు నిప్పు చాలు. ఈడ్చుకుపోతున్న బైకు కింద నిప్పురవ్వలు వరస కట్టి లేస్తున్నాయి.

అందులో ఒకటి చాలింది.

* * *

ఇదే రాయలసీమలో ఇంకో చోటు ఉంది. అక్కడ వేడిని గ్రాము గ్రాముకీ లెక్కగడతారు.

కడప జిల్లా. ఎర్రగుంట్ల, ముద్దనూరుల నడుమ రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం. జనం నోట ఆర్టీపీపీ. మొత్తం సామర్థ్యం 1650 మెగావాట్లు. చుట్టుపక్కల గనుల్లో సున్నపురాయి దొరుకుతుంది, ముగ్గురాయి దొరుకుతుంది. బొగ్గు మాత్రం దొరకదు. అది వందల కిలోమీటర్లు రైలెక్కి రావాలి. ఒక్కో గూడ్సు బండిలో దాదాపు నాలుగు వేల టన్నులు.

బండి రాగానే మొదటి ప్రశ్న బరువెంత అని కాదు. వేడెంత?

వేగన్ల నుంచి తీసిన బొగ్గుని దంచుతారు, కలుపుతారు, పంచుతారు, మళ్లీ దంచుతారు. 212 మైక్రాన్ల జల్లెడ పడతారు. చివరికి మిగిలేది కాటుకంత మెత్తటి పొడి. అందులోంచి ఒక్క గ్రాము. నాలుగు వేల టన్నుల తరఫున సాక్ష్యం చెప్పేది ఆ ఒక్క గ్రామే.

దాన్ని చిన్న గిన్నెలో పోస్తారు. పైన సన్నటి తీగ. తీగకి నూలు దారం. దారం కొస పొడిలో. మొత్తం తీసుకెళ్లి మందపాటి ఉక్కు పాత్రలో పెట్టి మరబిగిస్తారు. దాని పేరే బాంబ్. లోపలికి 25 నుంచి 30 అట్మాస్ఫియర్ల పీడనంతో ఆక్సిజన్ ఎక్కిస్తారు. కొలిచి పోసిన నీళ్లలో బాంబ్‌ని ముంచుతారు. థర్మామీటర్ పెడతారు. ఒక మీట.

తీగ ఎర్రబడుతుంది. దారం అంటుకుంటుంది. బొగ్గు ఒక్క ఊపున మండిపోతుంది. బయటికి పొగ లేదు, వెలుగు లేదు, చప్పుడు లేదు. నీళ్లలో థర్మామీటర్ మాత్రం మెల్లిగా కదులుతుంది. డిగ్రీ. డిగ్రీ పావు. డిగ్రీన్నర.

పరికరం ఒక డిగ్రీ వేడెక్కడానికి 2400 క్యాలరీలు పడుతుందనుకోండి. డిగ్రీన్నర అంటే 3600. కిలోకి 3600 కిలోక్యాలరీల బొగ్గు. 2012 నుంచి మన దేశంలో బొగ్గు గ్రేడ్లన్నీ ఈ అంకె మీదే నడుస్తున్నాయి. జీ1 నుంచి జీ17 దాకా, నడిమి మెట్లన్నీ 300 కిలోక్యాలరీలవే. ఈ బొగ్గు జీ13 మెట్టు మీద ఉంది. థర్మామీటర్‌లో డిగ్రీకి ఎనిమిదో వంతు తేడా వచ్చిందా, మెట్టు మారిపోతుంది. ధర మారుతుంది. కంపెనీల మధ్య ఉత్తరాలు నడుస్తాయి.

అందుకే పరికరాన్ని కూడా నమ్మరు. ముందు బెంజోయిక్ ఆమ్లం బిళ్లని మండించి చూస్తారు. గ్రాముకి 26.4 కిలోజౌళ్లు దాని సొంత లెక్క. పరికరం ఆ అంకె చూపిస్తేనే బొగ్గు సాక్ష్యం చెల్లుతుంది.

అంత పట్టింపు ఎందుకంటే అక్కడ డబ్బుంది. మరి చిన్నటేకూరు దగ్గర రోడ్డు మీద పోతున్న ఆ పెట్టెలో ఏముంది?

* * *

మంట ముందు భాగంలో లేచింది.

మొదట పొగ. నిద్రలో ఉన్నవాడికి పొగ వాసన తెలియదు, దగ్గు తెలుస్తుంది. ఎవరో దగ్గారు. ఎవరో అరిచారు. కర్టెన్లు పక్కకి జరిగాయి. చీకట్లో ఇరుకు దారి. పై బెర్తుల వాళ్లు కిందికి దూకుతున్నారు. కింది వాళ్లు లేస్తున్నారు. అందరి చూపూ ఒక్క వైపే. తలుపు.

తలుపు తెరుచుకోలేదు. మంటల్లో వైర్లు తెగిపోయి బిగుసుకుపోయిందని అధికారులు చెప్పారు.

ఇక మిగిలింది అద్దాలే. లోపలి నుంచి చేతికందిన దానితో మోదుతున్నారు. మోచేతులతో, కాళ్లతో. పగిలిన చోట నుంచి రోడ్డు మీదికి దూకుతున్నారు. వెనక కార్లలో వస్తున్నవాళ్లు ఆగి పరిగెత్తుకొచ్చారు. దూకినవాళ్లని పట్టుకుని పక్కకి లాగుతున్నారు.

లోపల కప్పు కింద ఇంకో పని జరుగుతోంది. వేడి పొగ పైకి లేచి కప్పుని తాకి, అక్కడి నుంచి వెనక్కి పాకుతోంది. స్లీపర్‌లో కప్పు కిందే పై బెర్తు. కాబట్టి ఆ పొర మొదట కప్పుకునేది అక్కడ పడుకున్నవాళ్లనే. పొర దళసరి అవుతోంది. కిందికి దిగుతోంది. దిగుతూ వేడిని కిందికి కొడుతోంది.

ఏప్రిల్‌లో కర్నూలు నడినెత్తి ఎండ చదరపు మీటరుకి దాదాపు ఒక కిలోవాటు. పొగ పొర 600 డిగ్రీలకి చేరితే నేల మీదికి అది కొట్టే వేడి చదరపు మీటరుకి 20 కిలోవాట్లు. ఇరవై ఎండలు ఒకేసారి! అక్కడితో మంట పాకడం ఆగిపోతుంది. ఎందుకంటే ఇక పాకాల్సిన పనిలేదు. పరుపు, కర్టెన్, ప్లైవుడ్, రెగ్జిన్, సంచి... నిప్పు తగలకపోయినా అన్నీ ఒక్కసారిగా అంటుకుంటాయి. అగ్నిమాపక శాస్త్రంలో దానికి ఫ్లాష్‌ఓవర్ అని పేరు.

ఫ్లాష్‌ఓవర్‌కి ముందు దూకినవాళ్లు బతుకుతారు. ఆ గీతకి అవతల ఉండిపోయినవాళ్లు?

* * *

1840లో రష్యాలో జెర్మైన్ హెస్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక నియమం చెప్పాడు. ఇంటర్ పిల్లలు ఇప్పటికీ పరీక్షలో రాస్తారు. రసాయన చర్య ఏ దారిన పోయినా సరే, మొదలూ చివరా ఒకటే అయితే మొత్తం వేడి ఒకటే. ఫోం పరుపు రాత్రంతా నివురుగప్పి కాలినా, రెండు నిమిషాల్లో భగ్గుమన్నా, పూర్తిగా కాలి అవే వాయువులుగా మారితే చివరికి వచ్చే జౌళ్లు సమానమే.

బాంబ్ కొలిచేది ఆ మొత్తాన్నే. థర్మల్ కేంద్రానికి అది చాలు. బొగ్గు ఎలాగూ కొలిమిలో మండాల్సిందే.

మనిషికి అది చాలదు. మనిషిని చంపేది మొత్తం వేడి కాదు. క్షణానికెంత అన్నదే.

మరి భగ్గుమని మండుతున్న పరుపు క్షణానికి ఎంత వేడి వదులుతుందో కొలిచేదెలా? ఉక్కు పాత్రలో బిగిస్తే అది మామూలు మంటే కాదు. బయట వదిలేస్తే వేడి నాలుగు దిక్కులా పోతుంది, పట్టుకోలేం. చాలా ఏళ్లు శాస్త్రవేత్తలు ఈ చిక్కు దగ్గరే ఆగిపోయారు.

దారి 1917లోనే దొరికింది. ఎవరూ గుర్తించలేదు. ఇంగ్లండ్‌లో థార్న్‌టన్ అనే ప్రొఫెసర్ రకరకాల ద్రవాలు, వాయువులు మండినప్పుడు వచ్చే వేడిని బారుగా రాసుకుని చూశాడు. ఇంధనం కిలోకి లెక్కగడితే అంకెలు చెల్లాచెదురు. మండడానికి వాడుకున్న ఆక్సిజన్ కిలోకి లెక్కగడితే అన్నీ ఒక్క చోటికొచ్చి నిలబడ్డాయి. 1980లో అమెరికాలో క్లేటన్ హగెట్ ప్లాస్టిక్కులు, చెక్క, బట్ట, ఫోం అన్నిటికీ అదే లెక్క సరిచూశాడు. కిలో ఆక్సిజన్‌కి 13.1 మెగాజౌళ్లు. తేడా ఐదు శాతం లోపే.

అంటే మంటని పట్టుకోనక్కర్లేదు. మంట మింగిన గాలిని కొలిస్తే చాలు.

1982లో అదే దేశంలో విటెనిస్ బాబ్రౌస్కస్ ఆ అంకెతో ఒక యంత్రం కట్టాడు. కోన్ క్యాలరీమీటర్. పది సెంటీమీటర్ల చదరపు ముక్క. దాని మీద శంకువు ఆకారంలో ఎర్రగా కాగిన హీటర్. పక్కన చిన్న నిప్పురవ్వ. ముక్క పొగలు కక్కుతుంది, ఉన్నట్టుండి అంటుకుంటుంది. పైన గొట్టం ఆ పొగనంతా పీల్చుకుంటుంది. గొట్టంలో ఆక్సిజన్ 20.95 శాతం దగ్గర మొదలై పడిపోతుంటుంది. పడ్డకొద్దీ తెర మీద ఒక గీత పైకి లేస్తుంది. చదరపు మీటరుకి ఎన్ని కిలోవాట్లు, ఏ క్షణంలో. పరుపు గుణం మొత్తం ఆ గీతలో ఉంటుంది.

1992లో బాబ్రౌస్కస్, ఆయన సహచరుడు పీకాక్ కలిసి ఒక పరిశోధన పత్రం వేశారు. అగ్నిప్రమాదం ఎంత భయంకరమో చెప్పే అంకెల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, వేడి వెలువడే వేగం అని తేల్చారు.

ఆ 13.1ని చిన్నటేకూరు బస్సులోకి తీసుకొస్తే ఒక భయంకరమైన ముడి బయటపడుతుంది. బస్సు లోపల 60 ఘనపు మీటర్ల గాలి ఉందనుకుందాం. అందులో ఆక్సిజన్ దాదాపు 16 కిలోలు. అది మొత్తం హరించుకుపోయినా మంట వదలగలిగేది 210 మెగాజౌళ్లే. అద్దాలు బిగించి ఉన్నంతసేపూ మంటకి ఆకలి తీరదు. కానీ మనుషులు బతకాలంటే అద్దం పగలాలి. అద్దం పగిలితే బయటి గాలి లోపలికి దూకుతుంది.

ఊపిరి కోసం పగలగొట్టిన ప్రతి అద్దం మంటకీ ఊపిరి పోసింది.

* * *

అప్పుడు మొదలయ్యాయి పేలుళ్లు.

అగ్నిమాపక శాఖ డైరెక్టర్ జనరల్ తర్వాత చెప్పిన మాట ప్రకారం, సెల్‌ఫోన్ల బ్యాటరీలూ పేలాయి, బస్సు ఏసీ కోసం పెట్టిన బ్యాటరీలూ పేలాయి.

ఫోన్ బ్యాటరీ కాలడం వేరు. కాగితం కాలాలంటే బయటి గాలి కావాలి. బ్యాటరీకి మంట లోపలి నుంచే తయారవుతుంది. దాదాపు 80 డిగ్రీలు దాటగానే లోపలి ఎలక్ట్రోడు మీది సన్నటి పొర విడిపోవడం మొదలవుతుంది. విడిపోతూ వేడి వదులుతుంది. ఆ వేడికి 130 దగ్గర మధ్యలోని ప్లాస్టిక్ తెర కరుగుతుంది. తెర పోతే ధన, రుణ ధ్రువాలు ఒకదానికొకటి తగిలి షార్టు. ఇంకా వేడి. 200 దాటితే పాజిటివ్ వైపు ఉన్న ఆక్సైడ్ తన ఆక్సిజన్‌ని తనే వదలగలదు. పక్కనే మండే ద్రావణి. ఇంధనం, ఆక్సిజన్, నిప్పు మూడూ ఒకే పొట్లంలో. ఒక మెట్టు వదిలిన వేడి పై మెట్టుని తన్ని లేపుతుంది. ఉష్ణమోచక చర్య అని పుస్తకంలో చదివిన మాట అదుపు తప్పితే ఇలా ఉంటుంది.

దీన్ని కొలవడానికీ ఒక యంత్రం ఉంది. 1970ల్లో అమెరికాలో డౌ కెమికల్ కంపెనీ రూపొందించింది. వేడి చెయ్, ఆగు, వెతుకు. ఇదే దాని పని. బ్యాటరీని కొన్ని డిగ్రీలు వేడి చేసి ఆపుతుంది. నిమిషానికి డిగ్రీలో యాభయ్యో వంతు సొంతంగా వేడెక్కుతోందా అని చూస్తుంది. లేదంటే ఇంకో మెట్టు. ఒక్కసారి సొంత వేడి కనబడిందా, చుట్టూ గోడల్ని కూడా సరిగ్గా అంతే వేడిలో ఉంచుతుంది. బ్యాటరీ వేడి బయటికి పోయే దారి ఉండదు. అప్పుడు అసలు రూపం చూపిస్తుంది.

పార్సిల్‌లో ఫోన్ పక్కన ఫోన్, పెట్టె మీద పెట్టె. నడిమి ఫోన్‌కి నాలుగు వైపులా తనంత వేడి ఫోన్లే. ల్యాబులో కష్టపడి తయారుచేసే ఆ పరిస్థితి అక్కడ అట్టపెట్టెల్లో సిద్ధంగా ఉంది.

మర్నాడు దేశమంతా ఆ ఫోన్ల గురించే మాట్లాడుకుంది. లెక్క వేస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. నిండా చార్జి ఉన్న 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో ఉండే విద్యుత్తు 19 వాట్ అవర్లు. 234 ఫోన్లకి కలిపి 16 మెగాజౌళ్లు. అర లీటరు పెట్రోలు పాటి. ద్రావణి, ప్లాస్టిక్ మంట కలుపుకుంటే ఇంకొన్ని రెట్లు. మరి పరుపు? కిలో ఫోం మండితే దాదాపు 25 మెగాజౌళ్లు. ఒక బెర్తు మీద మూడు కిలోల ఫోం ఉందనుకుంటే 75 మెగాజౌళ్లు. 234 ఫోన్ల బ్యాటరీల్లో దాచిన విద్యుత్తు కన్నా నాలుగు రెట్లకు పైన వేడి ఒక్క మనిషి వీపు కింద ఉంది. అలాంటి బెర్తులు బస్సు నిండా.

ఫోన్లు మంటని ఎగదోశాయి. మంటకి అసలు మేత మాత్రం పరుపుల్లోనే ఉంది.

* * *

తెల్లారింది.

రోడ్డు పక్కన అస్థిపంజరంలా నిలబడ్డ చట్రం. నీళ్లు కొట్టినా ఇంకా ఆవిర్లు. ఉలిందకొండ పోలీసులు, కర్నూలు నుంచి వచ్చిన అగ్నిమాపక సిబ్బంది, తెల్లకోట్ల ఫోరెన్సిక్ బృందాలు. దారిన పోయే బస్సుల కిటికీల్లో ముఖాలు.

బస్సు లోపలికి ఎక్కినవాళ్లకి కాలు పెట్టడానికి చోటు దొరకలేదు. నేల లేదు. అల్యూమినియం రేకులు కరిగి కిందికి జారిపోయాయి. బరువు తగ్గి బండి వేగంగా పోతుందని ఇనుముకి బదులు వేసిన రేకులవి.

ఆ కరిగిన రేకులే థర్మామీటర్. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంతకన్నా తక్కువలో మెత్తబడుతుంది, వంగుతుంది, కారదు. పొగ ఎంత వేడెక్కిందో చూసి చెప్పగల మనిషి ఎవరూ లోపల మిగల్లేదు. నేల చెప్పింది. ఫ్లాష్‌ఓవర్ గీత దాటి చాలాసేపే అయిందని చెప్పింది.

19 మంది ప్రయాణికులు. బైకు మీది కుర్రాడితో కలిపి 20. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి దగ్గర బంధువులు వరస కట్టారు. ముఖం చూసి పోల్చుకునే వీలు లేదు. రక్తం ఇచ్చి వెళ్లి డీఎన్ఏ కబురు కోసం కూర్చున్నారు. ఎవరి బిడ్డ ఎవరో ప్రయోగశాల చెప్పాలి.

అధికారులు బండి కాగితాలు తిరగేశారు. అక్కడ ఇంకో ముడి. కాగితాల మీద అది సీట్ల బస్సు. రోడ్డు మీద స్లీపర్.

అంటే ఆ పరుపుల వేడి ఏ కాగితంలోనూ లేదు.

* * *

కాగితంలో ఉంటే మాత్రం ఏం రాసి ఉండేది?

బండి లోపల వాడే ఫోం, బట్ట, రెగ్జిన్లకి ఒక పరీక్ష ఉంది. 1972లో అమెరికాలో అమల్లోకి వచ్చింది. మన ప్రమాణమూ ఆ పద్ధతిదే. గుడ్డ పేలికలాంటి ముక్కని అడ్డంగా పెడతారు. ఒక కొసన 15 సెకన్లు చిన్న మంట పెట్టి తీసేస్తారు. మంట నిమిషానికి ఎన్ని మిల్లీమీటర్లు పాకిందో చూస్తారు. అమెరికా హద్దు 102. అంతకు లోపైతే పాస్.

సిగరెట్టు పీక పడితే ఏమవుతుందో చెప్పే పరీక్ష అది. కప్పు నుంచి ఇరవై ఎండలు ఒకేసారి కొడితే ఆ ముక్క ఏమవుతుందో అది అడగదు. ఎంత వేడి వదులుతుందో అసలే అడగదు. అడ్డంగా పెట్టిన పేలిక మీద నింపాదిగా పాకిన మంట, నిలువుగా వేలాడే కర్టెన్ మీద ఒక్క ఉరుకున పైకి పోతుంది.

యూరప్‌లో రైలు పెట్టెలకి 2013లో వచ్చిన ప్రమాణం మాత్రం కోన్ క్యాలరీమీటర్ గీతనే అడుగుతుంది. చదరపు మీటరుకి ఇన్ని కిలోవాట్లు దాటితే ఆ వస్తువు రైలెక్కదు.

ఆ 2013లోనే, అక్టోబరు 30న, ఇదే రహదారి మీద, కర్నూలుకి ఉత్తరాన పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో బస్సు కల్వర్టుని గుద్దుకుని మండిపోయింది. 45 మంది చనిపోయారు. చిన్నటేకూరుకి పది రోజుల ముందు, 2025 అక్టోబరు 14న, రాజస్థాన్‌లో జైసల్మేర్ దగ్గర ఇంకో ఏసీ స్లీపర్. 20 మందికి పైగా.

విరుగుడు లేక కాదు. 2020 నవంబరులో ఢిల్లీలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ బస్సులకి మంటలార్పే ఏర్పాటుని మంత్రుల ముందు చేసి చూపించింది. 80 లీటర్ల నీళ్ల ట్యాంకు. ఒక నైట్రోజన్ సిలిండర్. 30 మీటర్ల గొట్టం. 16 తుంపర ముక్కులు. నిప్పుని 30 సెకన్లలో పసిగడుతుంది, ఆపై 60 సెకన్లలో అణచేస్తుంది. దాని గుట్టు కూడా వేడి లెక్కే. గ్రాము నీరు ఆవిరైపోతూ 2.26 కిలోజౌళ్లని లాక్కుపోతుంది. 80 లీటర్లు పూర్తిగా ఆవిరైతే 180 మెగాజౌళ్లు. బైకు ట్యాంకులోకి దిగిన మూడు వందల రూపాయల పెట్రోలుకి అది రెట్టింపు.

2022 జనవరిలో కేంద్రం దూరప్రయాణాల బస్సుల్లో, స్కూలు బస్సుల్లో మనుషులు కూర్చునే భాగానికి కూడా ఇలాంటి రక్షణ ఉండాలని నోటిఫికేషన్ ఇచ్చింది. లోపలి వేడి 50 డిగ్రీలు దాటకుండా ఆపగలిగితే జనం దిగడానికి టైము దొరుకుతుందని అందులోని ఆలోచన. కొత్తగా తయారయ్యే బండ్ల కోసం పెట్టిన నిబంధన అది. ఆ పైన రోడ్డు పక్క షెడ్డులో సీట్లు పీకి బెర్తులు బిగించే పనికి ఏ నోటిఫికేషన్ చేరుతుంది?

నీళ్లు చల్లడం రెండో పని. మొదటి పని కొలవడం. ఒక ఫోం ముక్క, ఒక రెగ్జిన్ ముక్క, ఒక ప్లైవుడ్ ముక్క, ఒక కర్టెన్ గుడ్డ. ఒక్కోటి పది సెంటీమీటర్ల చదరం. ఒక్కో పరీక్షకి పట్టేది నిమిషాలు. నాలుగు వేల టన్నుల బొగ్గు కోసం ఒక్క గ్రాముని దంచి, జల్లించి, ఉక్కు పాత్రలో మండించి, డిగ్రీలో ఎనిమిదో వంతు దగ్గర పేచీ పెట్టుకోగలిగిన మనకి ఇది కొత్త విద్య కాదు.

బస్సు పర్మిట్ మీద సీట్లెన్ని అని రాయడానికి ఒక గడి ఉంది. దాని పక్కన ఇంకో గడి గీయాలి. అంటుకుంటే ఎన్ని కిలోవాట్లు? ఆ గడి నింపలేని బండి రాత్రిపూట మనుషుల్ని ఎక్కించుకోకూడదు.